మరగని నీళ్ళు

డండీలో మా బడి కొండవాలున ఉండేది.
వాన లేని పూట కిటికీలోంచి టే నది కనపడేది,
అంటే ఏడాదికి కొన్ని పూటలు.
నాకప్పుడు పదహారు.
ల్యాబులో గాజుసామాను కడిగే పని,
వారానికి నాలుగు పౌండ్లు, పైన కాస్త చిల్లర.

ఇష్బెల్ రెన్నీ నాకు నేర్పిన మొదటి మాట:
"ముందు పుల్ల గియ్యి, తర్వాత గ్యాసు తిప్పు.
తిరగేసి చేశావో
రేపటినుంచి నీకు కనుబొమలుండవు."

ముప్పై బర్నర్లు.
నాకవన్నీ ఒకటే ఇనుపకాడ, ఒకటే రబ్బరుతోక.
ఆమెకు మనుషులు.
ఏడో నంబరు దగ్గుతుంది.
పంతొమ్మిదోదాని గాలికన్ను తెరుచుకోదు,
బతిమాలాలి.
ఇరవై రెండోది మంటను మింగేస్తుంది:
పైన వెలగాల్సింది జారిపోయి
గొట్టం అడుగున కూచుని సన్నగా ఈలేస్తుంది.
గొట్టం కాలిపోతోందని
పట్టుకున్నాకే తెలుస్తుంది.
ఆ మచ్చ నా బొటనవేలి మీద ఇంకా ఉంది.

గాలికన్ను మూస్తే మంట పచ్చన, ఒట్టి బద్ధకం,
బీకరు అడుక్కి మసి రాసి ఊరుకుంటుంది.
తెరిస్తే నీలం, నీలం లోపల మళ్ళీ మొగ్గంత నీలం.
"వేడంతా ఆ మొగ్గ కొసన.
కడుపులో మాత్రం పచ్చి గ్యాసే" అని
అగ్గిపుల్లకు గుండుసూది గుచ్చి
గొట్టం నోట్లో నిలబెట్టి చూపించింది.
చుట్టూ హోరు. మధ్యలో పుల్లతల
ఎర్రగా, చెక్కుచెదరకుండా.

"మనం వెలిగించేదంతా
మా డూగల్ వండిందే" అనేది.
ఊరి గ్యాసు ఫ్యాక్టరీలో
కొలిమి నోట్లోకి బొగ్గు ఎత్తే మనిషి ఆయన.
ఆయన కాలరు వాసనే మా కుళాయిల వాసన.

తర్వాత సముద్రం అడుగునుంచి కొత్త గ్యాసొచ్చింది.
వీధికో వ్యాను, వ్యానుకిద్దరు మనుషులు.
దానికి సొంత వాసనే లేదట,
జనం కాస్త భయపడాలని కలుపుతారట.
పాత బర్నర్ల కంతలు దానికి మరీ పెద్దవట.
పనివాడు స్టూలెక్కి కూచుని
ఒక్కో ఇత్తడి ముక్కా ఊడదీసి
జాము సీసాలో వేశాడు.
టింగు. టింగు.

"పైపులో మిగిలింది కాల్చేయాలి,
ఒక్కటి వెలిగించి పెట్టండి" అన్నాడు.
ఇరవై రెండోదాన్ని తెచ్చింది ఇష్బెల్.
ముక్కాలిపీట, జాలీ, బీకరు, సగం దాకా నీళ్ళు.
జేబులోంచి పొట్లం తీసింది: టీపొడి.
ల్యాబులో ఏదీ తాగరాదన్న కాగితం
గోడ మీద ఆమె చేతిరాతే.
నేను అటు చూశాను. ఆమె చూడలేదు.

ఆ మధ్యాహ్నం రెండింటికి
డూగల్ చివరి షిఫ్టు అయిపోతుంది.

అడుగున ఆవగింజలంత బుడగలు లేచాయి.
మంట పొట్టిదైంది.
పెసరగింజంతైంది.
ఇంకా చిన్నదై, వణికి,
అలవాటుగా లోపలికే దూకి
టప్‌మంది.

నీళ్ళు మరగలేదు.
ఆమె వేలు ముంచి చూసింది,
పొట్లం మళ్ళీ మడిచింది,
ఆ గోరువెచ్చని నీళ్ళతో చేతులు కడుక్కుంది,
మణికట్టు దాకా, తీరిగ్గా,
డాక్టర్లు కడుక్కున్నట్టు.

సోమవారం పిల్లలొచ్చారు.
కొత్త మంట గొట్టాన్ని వదిలి
అంగుళం ఎత్తున గాల్లో నిలబడి, ఆరిపోయింది.
"మిస్, ఇది పారిపోతోంది!"
"తిప్పు తగ్గించు" అంది ఇష్బెల్,
"దానికింకా ఈ ఇల్లు తెలీదు."

సాయంత్రం జాము సీసా కడగడానికి వంపాను.
ఇత్తడి ముక్కలు ఇరవై తొమ్మిదే ఉన్నాయి.
రెండుసార్లు లెక్కపెట్టి
ఎవరికీ చెప్పలేదు.