ప్రయాణికుల వైపు

తొమ్మిదేళ్లుగా ఈ జలసంధి దాటుతున్నాను,
రోజుకి పన్నెండుసార్లు.
ఒక్కసారీ ఎక్కడికీ వెళ్లలేదు.
చకావో నుంచి పార్గువా, పార్గువా నుంచి చకావో,
నారింజరంగు వానకోటు, నోట్లో ఈల,
లారీల్ని వెనక్కి, కార్లని పక్కకి,
ఇంకొంచెం, ఇంకొంచెం, చాలు!
అరగంట నీళ్లు.
మళ్లీ ఇనుప తలుపు దించడం.

చంటిపిల్లలతో ఎక్కేవాళ్లని చూసి
నేనూ సతుర్నీనో నవ్వుకునేవాళ్లం,
మూరెడు మనిషికి బారెడు సామానని.
నవ్విన నాపచేనే పండుతుందంటారు.
మా వంటింట్లో ఏకంగా కోతకొచ్చింది.

నెల్దా కరెంటు బిల్లు వెనక రాస్తోంది:
ఊలు మేజోళ్లు నాలుగు జతలు,
ఒకటి ఎలాగూ నోట్లోకి పోతుంది,
గుడ్డలు, ఇంకొన్ని గుడ్డలు,
జ్వరం మందు, ఫ్లాస్కు, బంగాళాదుంప రొట్టెలు.
గొడుగో? అన్నాను.
చిలోయేలో పుట్టినవాడివేనా అన్నట్టు చూసింది.
మా దీవి గాలిలో గొడుగంటే
రెండు నిమిషాల పక్షి.

ఇంతా చేసి వల్దీవియా దాకా.
వాళ్లక్క అక్కడ నది ఒడ్డున చేపలమ్ముతుంది,
తలలూ తోకలూ వెనక్కి విసిరితే
సముద్రసింహాలు మెట్లెక్కొచ్చి తింటాయట.
ఏడు నెలల ఆయ్లిన్‌కి
సింహమూ తెలీదు, సముద్రమూ తెలీదు.
తొందరంతా మాది.

పొద్దుటి బస్సయితే నిద్ర చెడుతుంది,
మధ్యాహ్నానిదైతే పాలవేళ తప్పుతుంది,
రాత్రిదైతే బస్సంతటికీ నిద్ర చెడుతుంది.
మూడు వారాలు ఇదే లెక్క.
పోటు మీదున్న నీళ్లలో నలభై టన్నుల లారీని
గీత మీద నిలబెట్టగలను,
ఈ ఎనిమిది కిలోల మనిషిని
ఎన్నింటికి బయల్దేరదీయాలో తేల్చలేకపోయాను.

చివరికి ఆవిడే తేల్చింది.
మంగళవారం నాలుగున్నరకి లేచి
ఇక పడుకోనంది.

వాన. బోటు ముందు బారులు తీరిన దీపాలు.
నన్ను చూసి సతుర్నీనో కావాలనే ఈల ఊదాడు:
"అయ్యా, పసుపు గీత ఇవతల నడవండి!"
టైర్ల కింద చెక్కలు సరిగా పెట్టారా లేదా అని
నా కళ్లు వాటి పని అవి చేసుకుపోతున్నాయి.
కూర్చో, అంది నెల్దా.
ఆ కుర్చీలు రోజూ తుడుస్తాను.
ఇంత చల్లగా ఉంటాయనుకోలేదు.

అద్దం అవతల కట్టుతున్న వంతెన స్తంభాలు.
అవి కలిసిననాడు ఈ బోట్లతో పనిలేదంటారు.
నేను వాటినే చూస్తున్నాను.
ఆయ్లిన్ అద్దం మీద జారే ఒక చినుకుని
వేలితో వెంబడిస్తోంది.

సరిగ్గా నడినీళ్లలో ఆకలేసింది.
ఒక సంచీ విప్పాం. రెండోదీ విప్పాం.
పాలున్నాయి, సీసా ఉంది,
పీక లేదు.
వంటింటి కిటికీలో, కడిగి ఆరబెట్టినచోటే
క్షేమంగా ఉండి ఉంటుంది.

అప్పుడొచ్చింది ఆవిడ,
ముగ్గురు పిల్లలు, ఆరు మూటలు, ఒక గుడ్ల అట్ట.
నెలనెలా ఎక్కుతుంది. నాకు బాగా గుర్తు,
మేం చాటుగా పెట్టుకున్న పేరు "మకాం మార్పు".
నాలుగో మూటలోంచి, ఉతికిన గుడ్డలోంచి,
మరిగించిన పాలపీక తీసింది.
ఎప్పుడూ ఒకటి ఎక్కువే పెట్టుకోవాలి నాయనా, అంది.
అసలు పేరు అడిగాను. ఓర్తెన్సియా.
చెవులు కాలాయి నాకు.

పార్గువాలో టికెట్ల గది దాటి
నా కాళ్లు ఎప్పుడూ పోలేదు.
దాని వెనక ఒక రొట్టెల కొట్టుందని, ఒక కుక్కుందని,
రోడ్డు ఎడమకి తిరుగుతుందని
ఈ వయసులో తెలిసింది.
నా ఒళ్లో ఉన్నదీ అదే సమయానికి తెలుసుకుంటోంది.

బస్సు వెనక్కి తీస్తుంటే
నా చెయ్యి దానంతటదే లేచింది,
ఇంకొంచెం, ఇంకొంచెం.
నెల్దా ఆ చెయ్యి పట్టి కిందికి దించి
సీసా పెట్టింది అందులో.