ఇసక పలక

మాపటేళ చీపురుకట్టతో ఇసకను నున్నగా చదును చేయడం
నా ఉద్యోగం.
మూరెడు వెడల్పు, ఐదు మీటర్ల పొడుగు.
లంకమల కింద, కలివి పొదల నడుమ
ఇట్లాంటి పలకలు నలభై ఆరు.
తెల్లారి వంగి చూడాల,
రాత్రి ఎవరొచ్చి ఏం రాసిపోయినారో.

బడిలో నేను రెండో తరగతి దాటలేదు.
అయినా నక్క అడుగు చదువుతా,
కుందేలు తొందర చదువుతా,
నెమలి ఈడ్చుకుపోయిన తోక,
ముళ్లపంది తన ముళ్లతోనే గీసుకుంటా పోయిన గీత,
తేలు నడిచిన సన్న కుట్టు.

మూడేళ్ల ప్రాజెక్టన్నారు.
ఢిల్లీ నుంచి డబ్బు, హైదరాబాదు నుంచి జీపు,
సిద్ధవటం దిక్కు నుంచి నేను.
వెతికేది ఒక్క పిట్టను.
ఎద మీద రెండు పట్టీలు,
వెనకవేలు లేని కాలు, ముందుకు మూడే వేళ్లు.
మా తాత చూసినాడంట,
జొన్నచేను కావలి కాసే రాత్రి, లాంతరు వెలుతుర్లో,
అది ఆయన్ని చూసి పరిగెత్తలేదంట కూడా.
ఫారంలో తాతకు గడి లేదు.

కలివికోడి గడిలో రోజూ సున్న చుడతా.
మొదట్లో సిగ్గేసేది,
కూలి తీసుకుని సున్న రాసేదేందని.
సుకీర్తి మేడమ్ బూట్లలో ముళ్లు ఏరుకుంటా
"సున్న కూడా జవాబే మునెయ్యా,
నిజంగా చూసి రాస్తే" అనింది.
ఆ మాట ఇంటిదాకా నాతో నడిచొచ్చింది.
మబ్బుల దిక్కు చూసి మా నాయన ఎన్ని సున్నలు చుట్టినాడో.
వాటికి కూలి ఇచ్చినోడు లేడు.

పుష్యమాసంలో ఒక పొద్దున
ఇరవై తొమ్మిదో పలక మీద
మనిషి కాలు.
ఉత్తకాలు. ఎడమది.
చిటికెన వేలు లేదు.
వెనకాలే ఇసకను చెరిపేసిన బరుకులు,
కొట్టిన కొమ్మలను ఈడ్చుకుపోయిన మోపు.

ఆ వేలు తెగిన రోజు నాకు ఎనిమిదేళ్లు.
కొడవలి జారింది నా చేతిలోంచే.
గంగులక్క అరవలేదు.
కొంగు చించి కట్టుకుని
"అమ్మకు చెప్పొద్దులేరా, రాయి పడిందంటా" అనింది.
ఇప్పటికీ రాయే.

పలక ముందు గొంతుక్కూర్చున్నా.
అరచెయ్యి ఒక్కసారి ఆడిస్తే చాలు.
దూరంగా జీపు గేరు మార్చిన చప్పుడు.
అడవికి గేటు పడినాక
మా పొయ్యిలు ఏం తినాలో ఎవరూ గడి గీయలేదు, నిజమే.
ఆ పొదే కొట్టేస్తే, ఉందో లేదో తెలియని ఆ పిట్ట
రేపటి ఎండకు ఏ నీడన దూరాలో,
అదీ నిజమే.
రెండు నిజాలకూ నా దగ్గర ఉండేది ఒకటే పెన్సిలు.

మనిషి గడిలో ఒకటి వేసినా.
"ఎవరో గుర్తుపట్టగలవా?" అనింది మేడమ్.
"ఫారంలో పేరుకు గడి లేదు మేడమ్" అన్నా.
ఆమె నా దిక్కు చూసింది,
ఆ పాదం దిక్కు చూసింది,
ఫోటో తీసుకుని, ఇంకేం అడగలేదు.

ఆ వారం కూలితో బద్వేలు రోడ్డులో
తుమ్మకట్టెలు ఒక మోపు కొని
అక్క గుడిసె ముందర దింపినా.
"ఏందిరా ఇది?"
"కూలి."
ఏం కూలో అడగలేదు.
ఎడమకాలు మాత్రం మెల్లగా
చీర కుచ్చిళ్ల కిందికి లాక్కుంది.

ఎండలు ముదిరినాయి.
జీపు ఈ నెలాఖరుకి వెనక్కి పోతుందంట,
మళ్లీ డబ్బొస్తే మళ్లీ వస్తుందంట.
నిన్న పన్నెండో పలక మీద
మూడు వేళ్లు. సగమే. మిగతాది గాలి తినేసింది.
తీతువేమో అన్నా, ఆశ పెట్టుకోవడం భయమై.
మేడమ్ మోకాళ్ల మీద కూర్చుని
స్కేలు పెట్టి, తీసి, మళ్లీ పెట్టి,
నా సున్నల వరస కింద
ఒక ప్రశ్నగుర్తు వేసింది.

ఆ గుర్తును నేనెప్పుడూ అంత దగ్గరగా చూడలేదు.
కొడవలి మాదిరి ఉండాది,
కింద రాలిన చుక్కతో సహా.