కన్నం వెయ్యని అట్ట

కేబుల్ కుళ్ళాయప్ప తీగ తెచ్చి
తిన్నగా కంప్యూటర్‌కే గుచ్చి పోయినాడు.
మధ్యలో పెట్టే డబ్బా ఏదన్నా అంటే
"దానికి వేరే దుడ్డు, వచ్చే నెల చూద్దాం" అన్నాడు.

పదకొండు నిమిషాలకు మొదటి తట్టు.
కుక్క మొరగలేదు, గడియ కదల్లేదు.
తెర మీద మాత్రం ఒక్కో వరసా రాలుతా ఉంది,
ఎవురో, యాడనుంచో,
తలుపు తలుపూ తోసి చూసి పోతున్నారు.

పోర్టంటే రేవంట.
సముద్రం లేని జిల్లా మాది.
చిత్రావతి ఇసకలో పిల్లోళ్ళు వికెట్లు పాతుకుంటారు.
అట్లాంటి ధర్మవరంలో, అద్దె ఇంట్లో,
అరవై అయిదు వేల రేవులు పెట్టుకొని కూర్చున్నానని
నాకెవ్వరూ చెప్పలా.

"మనింట్లో ఏముండాదని వస్తారు పాపా?"
నాయన, అట్ట మీద గుద్దు ఆపకుండానే.
ఏముంది,
పల్లూ గ్రాఫులు నాలుగొందలు,
షావుకారి బాకీ లెక్క,
తమ్ముడి హాల్‌టికెట్టు.
అది కాదు నాయనా,
వాళ్ళకు మన సొత్తెందుకు, మన అరుగు చాలు.
ఈడ కూర్చొని ఇంకొకరి తలుపు పగలగొడతారు.
తెల్లారితే ఆ తలుపు మీద
మన వేలిముద్రలుంటాయి.

గుద్దు ఆగింది.
నలభై ఏళ్ళుగా కన్నాలు వేసి మమ్మల్ని సాకిన చెయ్యి అది,
దొంగ కన్నం ఒక్కటీ ఎరగదు.
కన్నం ఉన్నచోట పోగు లేస్తుంది,
లేనిచోట పడుకుంటుంది.
ఒక్కటి తప్పు పడినా
నెమలికి మూడో కాలు మొలుస్తుంది.
"అయితే అన్నీ మూసెయ్."

అన్నీ మూసిన అట్ట
అంచూ బుటా లేని ఒట్టి గుడ్డ నేస్తుంది.
నాకీ సంగతి నేర్పింది ఆయనే.

అందుకని కూర్చున్నాం ఇద్దరం.
ఫైర్‌వాల్ తెరిచి నేను నంబరు చదివితే
"అది దేనికి?" అంటాడు.
తెలియదంటే "మూసెయ్" అంటాడు.
మూడు నెలలుగా రేపు రేపంటున్న అప్‌డేట్‌కు
ఆ రాత్రి సరేనన్నాను.
పాస్‌వర్డు ఆయనే చెప్పినాడు,
అమ్మేసిన మగ్గం నంబరూ,
చిన్నప్పుడు తప్పిపోయిన మేక పేరూ కలిపి.
ఆ మేక పేరు మీకు చెప్పను.

పొద్దున కుళ్ళాయప్పకు డబ్బా దుడ్డు పంపినాను.
నాయన గుద్దుకూ గుద్దుకూ మధ్య
చెవి అటే వేసి ఉన్నాడు.
"ఇంకా కొడుతున్నారా?"
"కొడుతున్నారు."
"కొట్టనీ"
అంటా ఇంకో అట్ట ముందుకు జరుపుకున్నాడు.