చిప్ప లెక్క

మస్కట్ వదిలిన పదకొండో నాడు
గాలి పడిపోయింది.
తెరచాప తడి పంచెలా వేలాడింది.
ఓడలో బందరు అద్దకాలు, బియ్యం,
నలభై బుట్టల చింతపండు.
నా సరుకు ఒక్కటే, నీళ్ళు.
సరంగు నన్ను పేరెట్టి పిలవడు, "ఒరే చిప్పా" అంటాడు.

పొద్దున్నే ఒక చిప్ప, పొద్దు వాలాక ఒకటి.
నఖోదాకైనా వంటవాడికైనా అదే కొబ్బరిచిప్ప.
పోసి, కొయ్య మీద గాటు పెడతాను.
ముప్పై ఇద్దరం, ముప్పై రెండు వరసలు.
పీపా అడుగంటేసరికి
నీళ్ళు పాచిరంగు తేలాయి,
వడగట్టిన గుడ్డ మీద సన్నపురుగులు ఇంకా ఈదుతుండేవి.
అప్పుడు అరచిప్ప చేశాను.

గిలకలదిండి కుర్రాడు పోతురాజుకి జ్వరం.
నోరు పిడచగట్టి మాట రాక
వేలితో చిప్ప చూపించాడు.
నీ వంతు అయిపోయిందిరా అన్నాను.
మళ్ళీ చూపించాడు.
నేను గాట్లు చూపించాను.

మర్నాటికి వాడి మీద నీళ్ళొదులుకున్నాం.
ఈ మాట ఎవడు పుట్టించాడో గాని,
వదలడానికి పీపాలో నీళ్ళేవీ?
గోనెలో కుట్టి ఉప్పులోకి జార్చాం.

నాలుగో నాడు ముహర్రక్.
ఊరి బావుల్లో నీళ్ళు నాలుక మీద పెట్టలేం.
మంచినీళ్ళెక్కడ అని సైగ చేస్తే
మర్హూన్ అనే ముసలాడు సముద్రం వైపు చెయ్యి చాపాడు.
వెటకారం అనుకున్నాను.

పడవలో తీసుకుపోయాడు.
ఒకచోట నీళ్ళ పైపొర
ఎసరు కాగినట్టు చిన్నగా కదులుతోంది.
ముక్కుకి కొమ్ముపట్టు పెట్టుకుని,
కాలికి రాయి కట్టుకుని,
ఒట్టి మేకతోలు తిత్తి చంకలో ఇరికించుకుని దిగాడు.
నేను తాడు పట్టుకుని అంకెలు లెక్కపెడుతున్నా,
నాకు వచ్చిన విద్య అదే కదా.
నలభై దగ్గర తాడు అదిరింది.
తిత్తి ఈనబోయే గేదెలా ఉబ్బి పైకొచ్చింది.

తాగాను.
తోలు వాసన, అడుగున చల్లదనం.
ఉప్పు లేదు.
"హెలూ" అన్నాడు మర్హూన్, తీపి అని.
మనం మంచి అంటాం, వాళ్ళు తీపి అంటారు.
రూకలు చూపిస్తే తల అడ్డంగా ఊపి
చింతపండు అడిగాడు.
దాన్ని వాళ్ళు హింద్ ఖర్జూరం అంటారట.
పులుపుకి కూడా తీపి పేరు పెట్టుకున్న మనుషులు.
ఇరవై తిత్తులకి ఒక బుట్ట.

పడవ అంచున వంగి కిందికి చూశాను చాలాసేపు.
గాలిలేని ఆ రోజుల్లో
ఇలాంటి ఊట ఎన్నిటి మీద నిలబడ్డామో.
గోనె మూటకి దారి తెలిసి ఉంటే బావుండు.

ఆ రాత్రి పీపాలు నిండాయి.
"ఇవాళ లెక్కలేదర్రా, తాగినోడికి తాగినంత!"
సరంగు కేక.
తలల మీద పోసుకున్నారు, పిల్లల్లా ఒకడి మీద ఒకడు ఉమ్ముకున్నారు.
నా చెయ్యి మాత్రం ఊరుకోలేదు,
వరసగా ముంచి ఇస్తూనే ఉంది.
ముప్పై ఒక్కరూ అయ్యాక
ఇంకో చిప్ప నిండుగా చేతిలో మిగిలింది.

సముద్రంలో పోద్దామని అంచుదాకా వెళ్ళాను.
పోయలేదు.
దాహంగా ఉంది, తాగేశాను.
గాటు వాడి వరసలో పెట్టాను.