ఎడమదా, కుడిదా

బెంగుళూరు లారీలో, బంతి నారు ట్రేల వెనకాల
పాత పేపరు చుట్టుకుని దిగింది.
కుండీలో మట్టి లేదు.
బొగ్గు ముక్కలు, కొబ్బరి పీచు, ఏదో చెట్టు బెరడు.
కడియపులంకలో మట్టి అక్కర్లేని మొక్కేంటని
బస్తాలు మోసేవాళ్ళు నవ్వారు.
గోదారి మోసుకొచ్చిన ఒండ్రులో
ఏది గుచ్చినా చిగురేస్తుంది మాకు,
విరిగిన గొడుగు కామ గుచ్చినా వేస్తుందేమో.
దీనికి ఆ ఒండ్రే విషం.
దోసెడు వేస్తే చాలు, వేళ్ళు ఊపిరాడక
నల్లబడి చేతికి ఊడొస్తాయి.

"మార్తా, ఇది నీది" అన్నారు ఓనరు గారు.
"చస్తే నీ జీతంలోంచి."

అంట్లు కట్టే చేతులు నావి.
సపోటాని పాల మొక్క మీద,
గులాబీని అడివి గులాబీ మీద,
ఇరవై రెండేళ్ళుగా ఒకరి కాళ్ళ మీద
ఇంకొకరిని నిలబెడుతున్నాను.
ఇది అంటుకి లొంగదు. కొయ్యడానికి కొమ్మే లేదు.
గింజ చూద్దామంటే అది దుమ్ము.
తల్లి సద్ది కట్టి పంపదు.
ఏ బూజో దయతలిచి ముద్ద పెడితేనే మొలక.

క్రిస్మస్ పది రోజులుందనగా విచ్చింది.
ఒకే కాడ, ఒకే పువ్వు.
వెనక తెల్ల రేకు, ఆకుపచ్చ చారలతో,
గంజి పెట్టిన కాలరులా నిలబడి.
పక్క రేకుల మీద నల్లటి పులిపిర్లు,
పులిపిరికో వెంట్రుక.
అందం అనాలో వద్దో తెలీలేదు.
నడుమన, ఊదా మెరుగు పట్టించినట్టు,
చెప్పు.

మా నాన్న ఏసుపాదం. పేరులోనే ఉంది పని.
స్టేషన్ రోడ్డులో గోనె పరుచుకుని
నలభై ఏళ్ళు ఊరి కాళ్ళకి కొలతలు తీశాడు.
ఆదివారం ఆరాధన అయ్యాక తీసుకెళ్ళి చూపించాను.
కళ్ళజోడు తుడుచుకుని వంగాడు.
చాలాసేపటికి అడిగాడు:
"ఎడమదా, కుడిదా?"

ఎటు నుంచి చూసినా తేలలేదు నాకు.
"కుట్టు లేదు, మేకు లేదు.
అంచు చూడు, ఎక్కడా చీలకుండా లోపలికి మడిచాడు.
ఈ మడత నాకు రాలేదు."
వేలు పెట్టబోయి, ఆగి,
ముందు పంచెకి తుడుచుకున్నాడు.

అప్పుడే ఓ ఈగ.
పులిపిర్లని పేనుబంక అనుకుందో,
పుట్టబోయే పిల్లలకి మేత దొరికిందనుకుందో,
వాలింది, జారింది, చెప్పులో పడింది.
గోడలన్నీ నునుపు.
నాన్న తియ్యబోతే నేను ఆపాను.
వెనక వైపు సన్నటి నూగు ఉంటుంది, నిచ్చెన మెట్లలా.
అదొక్కటే దారి. ఇరుకు దారి.
వీపు రాసుకోకుండా ఎవరూ బయటపడరు.
కాసేపటికి మడమ దగ్గరి సందులోంచి
ఒళ్ళు ఈడ్చుకుంటూ వచ్చింది,
భుజాన పసుప్పచ్చ ముద్దతో.
"లోపల తేనె ఉందా?"
చుక్క లేదన్నాను.
"అయితే కూలివ్వకుండా మోయించుకుందన్నమాట."
నవ్వలేదు నాన్న.

తాత కుట్టిన చెప్పులు
ఊళ్ళో ప్రతి గుమ్మం ముందూ ఉండేవట.
తన జత మాత్రం పెద్దవీధి మొదట్లో విప్పి
చంకలో పెట్టుకుని
కాలవ వంతెన దాటాక తొడుక్కునేవాడట.
వైశాఖంలో ఆ వీధి పొడవు
మూడొందల పన్నెండు అడుగులు.
కొలిచింది టేపుతో కాదు.

రెండు నెలలు వాడలేదు పువ్వు.
వచ్చినవాళ్ళు ఫొటోలు తీసుకున్నారు,
"జతలో రెండోది ఏదమ్మా?" అని జోకులేశారు,
ధర చెప్తే బంతి వైపు నడిచారు.
ఫిబ్రవరి చివర్లో ఓ ఉదయం
రేకు రేకుగా కాదు, మొత్తంగా,
ఇంకా తాజాగానే ఊడి పడింది.
టిఫిన్ డబ్బాలో పెట్టి నాన్నకి పట్టుకెళ్ళాను.
ఆరె, మైనం దారం ఉండే రేకు పెట్టెలో దాచాడు.

ఎండి, ముడుచుకుని, ఓ పక్కకి ఒరిగిందిప్పుడు.
"ఎడమదే" అని తేల్చాడు.
పూసిన గుత్తి మళ్ళీ పూయదు నాన్నా,
పక్కన పిలకొచ్చింది,
దానికి రెండేళ్ళు పడుతుందన్నాను.
పెట్టె మూత వేస్తూ అన్నాడు:
"రానీ. కుడిదాని కొలత నా దగ్గరుంది."