కాళ్ళు వెచ్చబడేదాకా

పేపర్లో నాన్న గురించి మూడు మాటలు వేశారు:
కుటుంబమే లోకంగా బతికినవాడు, వ్యాపారి, ఊరి సేవకుడు.
డబ్బు కట్టి వేయించింది మా అన్న ట్రిగ్వే.
మాటకింతని లెక్క, అందుకే మూడే.
నాన్నే ఉంటే రెండు చాల్లే అనేవాడు.

సస్కాచెవాన్ మ్యాపులో మా ఊరు
ఈగ వాలి లేచిపోయినంత.
రైలు ఆగడం మానేసి నలభై ఏళ్ళు.
పెద్దవీధి మొదట్లో ట్వైట్ హార్డ్‌వేర్,
మేకులు తూకానికి, స్క్రూలు విడిగా.
ఒక్కటే స్క్రూ కావాలన్నా కాగితంలో పొట్లం కట్టి
ఉంగరం ఇస్తున్నంత మర్యాదగా ఇచ్చేవాడు హాల్వర్డ్ ట్వైట్.
ఎడమచేతి చూపుడువేలికి కొస ఉండేది కాదు.
ఎక్కడ పోయిందని అడిగిన ప్రతి పిల్లాడికీ ఓ కొత్త కథ.
నాకు చెప్పింది:
తాళంచెవులు కోసే మిషన్‌కి ఆ రోజు ఆకలేసిందని.

ఊళ్ళో ప్రతి తలుపుకీ ఆయన కోసిన చెవే.
మా తలుపుకి మాత్రం తాళం లేదు.
అర్ధరాత్రి ఎవరింట్లోనైనా పైపు పగిలితే
తలుపు కొడుతూ నిలబడాలా అని.

సైరన్ మోగిందా,
గల్లాపెట్టె తెరిచి వదిలేసి మంటల దగ్గరికి పరుగే.
కొనడానికొచ్చినవాళ్ళు తామే తూచుకుని
తామే చిల్లర తీసుకుని చీటీ రాసిపెట్టి పోయేవాళ్ళు.
ఒక్కసారే లెక్క తప్పింది.
రెండు డాలర్లు ఎక్కువొచ్చాయి.
వాటి సొంతదారు కోసం వారం రోజులు వెతికాడు.

నా పదో పుట్టినరోజున
కేకు మీద కొవ్వొత్తులు వెలిగించారో లేదో, సైరన్.
అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.
ఇంట్లో పది మంటలు వదిలి
ఊరవతల మంటకి పోయినవాణ్ణి
కుటుంబమే లోకమని ఎలా రాస్తారు?
ఏ తాళానికీ పట్టని చెవిలా
చాలా ఏళ్ళు ఆ ప్రశ్నని జేబులో వేసుకు తిరిగాను.

చలికాలం మరీ అన్యాయం.
స్కేటింగ్ రింక్‌కి నీళ్ళు పట్టడం ఆయన పని.
ఎవరూ అప్పజెప్పలేదు, ఎవరూ వద్దనలేదు.
మైనస్ ముప్పై ఉండాలి, గాలి ఉండకూడదు,
అంటే రాత్రి రెండింటికి.
ఒక పొర పోసి, అది గడ్డకట్టేదాకా ఆగి, ఇంకో పొర.
తొందరపడితే కింద గాలి చేరి మంచు డొల్లవుతుంది,
పగిలేది పిల్లల మోకాలి చిప్పలు.
ఒక రాత్రి నన్నూ తీసుకెళ్ళాడు.
గొట్టం నా కంటే బరువు.
మీసాల మీద ఊపిరి గడ్డకట్టి
గోడ మీది తాతయ్య ఫొటోలా ఉన్నాడు నాన్న.
ట్రక్కులో ఎప్పుడు నిద్రపోయానో,
లేచేసరికి నా మీద ఆయన కోటు.
ఆయనకి స్వెట్టరు మీద షాపు ఏప్రన్.

సమాధి చేశాక, చర్చి కింది హాల్లో
కాఫీ, గుడ్డు శాండ్‌విచ్‌లు.
బోహ్డన్ హ్రిత్సాక్ టోపీ చేత్తో నలుపుకుంటూ వచ్చాడు.
"ఆ రెండు డాలర్లూ నావే.
మా పశువుల కొట్టం కాలిన రాత్రి మీ నాన్న బూట్లు కరిగిపోయాయి.
డబ్బిస్తే పుచ్చుకోలేదు.
వాయిదాల్లో గల్లాపెట్టెలో వేసేద్దామనుకున్నా.
మొదటి వాయిదాకే ఊరంతా వెతికిస్తే
ఇంకేం వేస్తాను?"

ఆ రాత్రి అమ్మ పక్కన పడుకున్నాను,
ఆయన వైపు.
చీకట్లోకి చూస్తూ చెప్పింది:
రింక్ నుంచి వచ్చాక, మేజోళ్ళు విప్పేసి
ఫర్నేస్ గాలి వచ్చే జాలీ మీద నిలబడేవాడట.
పావుగంట, ఒక్కోసారి అరగంట.
కాళ్ళు వెచ్చబడేదాకా పక్కమీదికి వచ్చేవాడు కాదట,
చల్లటి పాదం తగిలి ఎక్కడ లేస్తుందోనని.
నలభై ఒక్క చలికాలాలు.

"పిచ్చి మనిషి," అంది.
"మెలకువగానే ఉండేదాన్ని.
ఒక్కసారీ చెప్పలేదు."

కింద ఫర్నేస్ అంటుకున్న చప్పుడు.
అమ్మ గోడవైపు కొంచెం జరిగింది.