ఒకటిన్నర చుట్టు

ముప్పై నాలుగేండ్లు
వారాసిగూడ గల్లీలకు నీళ్లిడిసిన.
ఇనుప తాళం భుజానేసుకొని పోయి
మూతెత్తి నేను తిప్పినంకనే
ఆ బస్తీలకు తెల్లారేది.
పిండిగిర్ని కాడి వాల్వుకు పదకొండు చుట్లు,
మసీదు మలుపు కాడ ఏడు,
మా ఇల్లున్న మెట్లబస్తికి పన్నెండున్నర.
ఆ అర తక్కువైతే
మీది ఇండ్లకు గాలొస్తది, నీళ్లు రావు.
ఈ లెక్క ఏ ఫైల్ల లేదు,
నా మోచేతులల్ల ఉన్నది.

రిటైరైన నాడు శాలువా కప్పి
గోడగడియారం చేతుల పెట్టిండ్రు.
అలారం మొఖమెరుగనోనికి గడియారం!
మేకు కొట్టి ఏలాడదీసిన.
మర్నాడు మూడు నలభైకి మెలకువొస్తే
అది కూడ మూడు నలభై అనే చూపిచ్చింది.
కొత్త సంగతేం చెప్పలే.

పండుకొనే ఇంటున్న.
గోడ అవతల వనమాల ఇంట్ల నల్లా
గురకపెట్టి, దగ్గి, దారమంత సన్నగ మొదలైంది.
"ఒకటిన్నర చుట్టు తక్కువ తిప్పిండు పోరడు"
అన్న చీకట్లనే.
"నీకేం పని? పండుకో" అన్నది శశిరేఖ
కండ్లు తెరవకుండనే.
నిజమే.
నాకేం పని?

మూడు నెలలు తిన్నది నన్ను ఆ మాట.
పార్కుల నవ్వులోల్ల గుంపుల చేతులెత్తి నవ్విన,
దవడలు నొచ్చినయి.
డాబా మీద పాత బకెట్లల్ల పాలకూర పెట్టిన,
పావురాలకు మంచిగనిపిచ్చింది.
కాలనీ చీటీల లెక్క రాయమంటే రాసిన,
రెండో నెలల ఇంకొకరికి ఇచ్చిండ్రు.
శశిరేఖ కూరగాయలు కోస్తుంటే పక్కన నిలబడి
"బెండకాయ గట్ల కాదు" అన్నందుకు
కత్తిపీట నా దిక్కు జరిపింది.
మల్ల ఆ ముచ్చట తియ్యలే.

వానకాలం ఒక పొద్దుమీకి కరెంటు పోయింది.
మనుమరాలి లెక్కల నోటుబుక్కు, గళ్ల కాగితం,
కొవ్వొత్తి ముందట పడున్నది.
ఊకెనే ఒక గీత గీసిన.
అది పిండిగిర్ని నుంచి పోయే ఆరించుల లైను.
ఇంకొకటి గీసిన,
మసీదు మలుపు తిరిగినంక నాలుగించులైతది.
కరెంటొచ్చింది.
నేను లేవలే.

గళ్ల పుస్తకాలు తొమ్మిదైనయి.
నేల కింద ఎవరూ చూడని ఊరు
మెల్లగ మీదికొచ్చింది.
లైన్ల పక్కన చిన్న అక్షరాలతోని రాసిన:
ఇక్కడ పైపు పగిలి పెండ్లి పందిరి తడిసింది.
ఇక్కడ ఎండకాలం గౌసియా బీ
ఖాళీ బిందె నా మీదికి ఇసిరింది,
మర్నాడు షర్బత్ ఇచ్చింది.
ఇక్కడ తవ్వంగ ఒక పట్టగొలుసు దొరికింది,
ఇంటింటికి తిరిగి అడిగిన,
ఎవరూ నాదనలే.

కొత్త వాల్వు పోరడు ప్రణీత్‌కు చూపిచ్చిన.
నిలబడే తిరగేసిండు.
"అన్నీ ఫోన్ల ఉన్నయి కాకా" అన్నడు,
మంచిగనే అన్నడు.
మెట్లబస్తి పేజీ కాడ మాత్రం ఆగి
"పన్నెండున్నరనా?" అని అడిగిండు.
మర్నాడు గోడ అవతల నల్లా దగ్గలే.
అంతే. మల్ల రాలే వాడు.

సంతోషమైంది, అబద్ధమాడ.
కానీ ఆ సంతోషం పగటన్నం యాళ్లకే అయిపోయింది.
పెన్సిలు అయిపోలే.
లైన్లన్నీ ఒడిసినయి గదా,
ఇగ ఏం గియ్యాలె?

చింతచెట్టు వేరొకటి యాదికొచ్చింది.
జాయింటు సందుల్నుంచి దూరి
పైపు లోపల జడ లెక్క పెరిగింది.
ఇరవై ఏండ్ల కింద నేనే కోసి పారేసిన.
దాన్ని గీసిన.
ఎంటిక ఎంటిక గీసిన, నాలుగు రోజులు.
అది జలమండలికి అక్కెర లేదు,
ప్రణీత్‌కు అక్కెర లేదు,
చింతచెట్టును ఎప్పుడో కొట్టేసి షట్టర్లు కట్టిండ్రు,
దానికీ అక్కెర లేదు.
చెయ్యి ఆగలే.

ఇప్పటికీ మూడు నలభైకే లేస్త.
వంటింట్ల లైటేసుకొని కూసుంట.
చాయ్ గిన్నె పొయ్యి మీద పెట్టి
శశిరేఖ నా భుజం మీదికెల్లి తొంగి చూస్తది.
"ఇది యాడిది? కింద ఏ లైనున్నది?"
"ఏం లేదు."
"మరెందుకు గీస్తున్నవ్?"
గోడ అవతల నీళ్లొస్తున్నయి.
ఎన్ని చుట్లో లెక్కపెట్టలే.
"జరంత జరుగు,
వెలుగుకు అడ్డమొస్తున్నవ్" అన్న.